సొరకరువాడు మూట కట్టుకోని కుప్పానికి

మాయమ్మ నాలుగు నెల్లు సంతలో సొరకరువాడు పరచలే. ఈ ప్రయాణానికి అదే కారణం. లేకుంటే పుంగనూరు దాటి ఎరగని నేను కుప్పానికి ఎందుకు పోతాను!

ముందు సంగతి చెప్పేస్తా. మాకు మదనపల్లె పక్కన పల్లెలో నాలుగెకరాల మెట్ట ఉండాది. వానొస్తే శెనక్కాయ, రాకుంటే బీడు. అందుకని మాయమ్మ మంగమ్మ వారానికొకసారి మదనపల్లె సంతలో కరువాడు అమ్ముతాది. ఎండుచేపల్ని మా పక్క కరువాడు అంటారు, ఎండిన సొరచేపయితే సొరకరువాడు. అన్నింట్లోకి గిరాకీ సొరకరువాడుకే. బాలెంతకి పాలు పడతాయని అది పెడతారు. ఉడకబెట్టి, పొడిపొడిగా సిదిమి, తెల్లగడ్డలు మిరియాలు దండిగా ఏసి ఏపుతారు. ఇంట్లో కాన్పు అయిందంటే చాలు, మొగోళ్లు కూడా సిగ్గుపడకుండా మాయమ్మ గంప ముందరికి వొచ్చి నిలబడతారు.

రెండువేల ఏడులో, మామిడికాయలు దిగే టయానికి, మెడ్రాసు నుంచి శాంతి మేడం అని ఒకాయమ్మ సంతకి వొచ్చింది. చేపల మీద పరిశోధన అంట. మాయమ్మ దగ్గర ఐదు కట్టలుంటే ఒక్కో కట్టలోంచి ఒక్కో సొరముక్క కొని, చిటికెన వేలంత సీసాల్లో స్పిరిట్టు పోసి ఏసుకునింది. సీసాలకి చీటీలు అంటించింది.

"ఇవి ఏ జాతి సొరలో కనుక్కుంటానమ్మా" అనింది.

మాయమ్మ నవ్వింది. "సొర సొరే కదా తల్లీ, దాంట్లో మల్లా జాతులు యాడివి?"

మేడం తన అడ్రసు కార్డు ఇచ్చి పొయ్యింది. ఆయమ్మ అట్ల పోతానే పక్కన చింతపండు అమ్మే మునిరత్నప్ప ఇట్ల జరిగినాడు.

"మంగమ్మక్కా, కొన్ని సొరల్ని పట్టగూడదు, అమ్మగూడదు అని సర్కారు రూలు పెట్టిందంట. పులిని చంపితే ఎంత కేసో అంత కేసంట. ఆయమ్మ ముక్కలెత్తక పోయింది ఊరికే అనుకుంటివా?"

అంతే. ఆ రోజు మిగిలిన కట్టలు ఇంట్లో రాగుల మూటల ఎనక దాపెట్టేసింది మాయమ్మ. నెత్తళ్లు, అవే పొడి చిన్నచేపలు, అవి మాత్రం అమ్మేది, సొర అడిగితే లేదనేది. మా దోవలో జీపు సప్పుడైతే చాలు, చేతిలో పని ఇడిసిపెట్టి ఇంట్లోకి పొయ్యేది. సంగటి ముద్ద సగం తిని లేసిపోయేది. మూడు నెల్లు సూసి నేనే ఆ కార్డు మీది అడ్రసుకి జాబు రాసినా. నాది పదో తరగతి, జాబు రాసేంత సదువు ఉండాదిలే. జవాబు వొచ్చింది: "పాత ముక్కల సంగతి తెలిసింది. నేరుగా మాట్లాడదాం. వచ్చే గురువారం కుప్పం కాలేజీలో పాఠం చెప్పడానికి వస్తున్నాను. మధ్యాహ్నం మూడుంబావు రైలుకి వెళ్లిపోతాను. మిగిలిన కట్టల్లోంచి ఒక్కో ముక్క తీసుకొని రా."

"నేరుగా అని యాల రాసిందే?" అని మాయమ్మ ఆ జాబు మూడుసార్లు సదివించుకునింది. "మంచి మాటయితే కాయితం మీద రాసిండేది కదా."

కనుక్కోని వొస్తాలే అని నేనే బయల్దేరినా.

మేడం రాసిన ఆ బేస్తవారం పొద్దన్నే ఆరుంబావుకి మదనపల్లె బస్టాండులో పుంగనూరు బస్సెక్కినా. కుప్పానికి నేరుగా పొయ్యే బస్సులు ఉండాయి గానీ వాటి కోసరం కాసుకోని ఉండటం దండగ. పుంగనూరు, పలమనేరు, కుప్పం అని మూడు తుంటలుగా పోతే బస్సు ఎనక బస్సు దొరకతాది. కిటికీ పక్కన సీటు పట్టుకోని, ఐదు ముక్కల మూట ఒళ్లో పెట్టుకున్నా.

కండక్టరు టిక్కెట్టు కొడతా ముక్కు ఎగబీల్చినాడు. "ఏం పాపా, సముద్రాన్ని ఎత్తుకోని వొస్తాండావా?"

"రవంతేలే అన్నా" అన్నా. ఎనక సీట్లో ఆడోళ్లు నవ్వినారు.

నిజానికి వాసన శానా తక్కువే. ముందురోజు ఐదు ముక్కల్నీ బియ్యం కడిగిన నీళ్లలో నానబెట్టి, పసుపు రుద్ది, మూడు నీళ్లు పోసి కడిగి, ఎండలో ఆరబెట్టినా. సొర వండే ముందర మేమందరం చేసే పనే అది. అంత సదువుకున్న మేడం చేతికి ఉప్పు, ఇసక అంటుకున్న ముక్క ఎట్ల ఇస్తాం? కొత్త తువాల చించి దేనికది కట్టి, ఒకటి రెండు అని గుర్తు పెట్టినా. ఇంత పద్దతిగా చేసినానని నాకు నేనే మురిసిపోతాండా.

నా పక్కన ఒక పెద్దాయన కూసోనుండాడు. కోర్టులో అటెండరుగా చేసి దిగిపోయినాడంట. నాకు నోరు ఊరికే ఉండదు కదా, మూటలో ఏముండాదో, యాల పోతాండానో అంతా చెప్పేసినా. ఆయన కండ్లద్దాలు తీసి తుడుసుకున్నాడు.

"కడిగినావా?"

"బాగా కడిగినాను తాతా. పసుపు కూడా రుద్దినా."

"అయ్యో పాపా! సాచ్చాన్ని ఎవరన్నా కడుగుతారా? రేపు ఆయమ్మ ఏమంటాది? దొంగతనం బయటపడతాదని కావాలనే కడిగి తెచ్చినారు అంటాది. మా కోర్టులో ఎన్ని సూసినా!"

పుంగనూరు దాకా ఆయన సూసిన కేసులన్నీ చెప్తానే ఉండాడు, నాకు ఒకటీ చెవికెక్కలే. ఏడూ ఇరవైకి పుంగనూరులో దిగేటప్పుడు "భయపడొద్దు, నిజం చెప్పు, సరిపోతాది" అని ఒక మాటేసి పోయినాడు. ఆ మాటేదో ముందు చెప్పింటే ఏమి!

పుంగనూరు బస్టాండు ఎదురుగా ఇడ్లీ తినినా. నాలుగు ఇడ్లీ, శెనక్కాయ చట్నీ, వేడిగా బాగుండాయి. మీరు పోతే ఈడనే తినండి, ముందర పలమనేరులో రష్షు ఎక్కువ. ఏడూ ముక్కాలుకి పలమనేరు బస్సు. రెండు పక్కలా టమోటా తోటలు, కట్టెలకి తీగలు కట్టి నిలబెట్టినారు. తొమ్మిదికి పలమనేరు. ఆడ చిత్తూరు పొయ్యే బస్సులు, బెంగుళూరు పొయ్యే బస్సులు ఒకదాన్నొకటి తోసుకుంటా ఉంటాయి. ముగ్గుర్ని అడిగి, రామకుప్పం మీద పొయ్యే కుప్పం బస్సు పట్టుకున్నా. తొమ్మిదీ ఇరవైకి కదిలింది. పదకొండున్నరకంతా కుప్పంలో ఉంటావని డ్రైవరు చెప్పినాడు. మేడం రైలు మూడుంబావుకి. శానా టయం ఉండాదిలే అనుకున్నా.

రామకుప్పం దగ్గిరికి వొచ్చేసరికి పదకొండు. బస్సు నిలబడిపొయింది. దోవకి అడ్డంగా రాగి కంకులు కుప్ప పోసి, యాబై అరవై మంది రైతులు కూసోనుండారు. ముందురోజు అడివిలోంచి ఏనుగులు వొచ్చి సేన్లు తొక్కేసినాయంట. అడివి ఆఫీసరు వొచ్చేదాకా లెయ్యమని కూసున్నారు. డ్రైవరు బండి ఆపేసి, తువాల మొగం మీద ఏసుకోని పడుకున్నాడు.

పన్నెండయింది. పన్నెండున్నరయింది. ఆఫీసరు రాలే. నేను దిగి ఆడోళ్ల పక్కకి పోయినా. ఒకాయమ్మ తొక్కిన కంకి చేతిలో పట్టుకోని ఉండాది.

"అమ్మా, రవంత దోవ ఇయ్యండమ్మా, నేను కుప్పం పోవల్ల."

"అందురూ పోవల్లనే పాపా. మా రాగులు తిన్న ఏనుగుని ఒక మాట అనగూడదంట, మమ్మల్ని మాత్రం లెయ్యి లెయ్యి అంటాండారు. నీకేం అంత అవసరం?"

"మాయమ్మని జైల్లో ఏస్తారో ఎయ్యరో కనుక్కోని రావల్ల."

ఆయమ్మ కంకి కింద పెట్టింది. "ఏం జేసిందే మీయమ్మ? ఎవర్నన్నా కొట్టిందా?"

"సొరకరువాడు అమ్మిందమ్మా."

చుట్టూ ఉండే ఆడోళ్లు నన్ను ఒకసారి, నా మూటని ఒకసారి సూసినారు. సంగతంతా చెప్పినా. "మనకి ఏనుగు, వీళ్లకి సొర! ఈ కాలంలో మనిషి తప్ప అన్నిటికీ రూలుండాది" అని ఒక ముసలామె అనింది. అందురూ నవ్వినారు, నేను కూడా నవ్వినా, ఏడుపు మింగి. కంకి పట్టుకున్నాయమ్మ లేసి నా చెయ్యి పట్టుకోని, కూసున్నోళ్ల మధ్యలో నుంచి అవతలికి తీసకపొయింది. ఆ పక్క పాలక్యాన్ల వ్యాను ఒకటి దోవ లేక ఎనక్కి తిప్పుకుంటాండాది.

"ఒరే నాగప్పా, ఈ పాపని కుప్పంలో దించు. ఊరూరా నిలబడి మాట్లాడతా పోవద్దు, ఆ పిల్లకి రైలు టయం."

"నేనెప్పుడు నిలబడినానత్తా?" అన్నాడు వ్యానాయన. కానీ మూడు తావుల్లో నిలబడినాడు.

కుప్పంలో దిగేసరికి రెండూ పది. కాలేజీకి ఉరికినా. గేటు దగ్గర వాచిమేను "మెడ్రాసమ్మా? పాఠం అయిపాయ. భోజనం కూడా వొద్దని స్టేషనుకి పాయ" అన్నాడు. ఆటో ఎక్కి రైలు స్టేషనుకి పోయినా. ప్లాటుఫారం మీద సిమెంటు బెంచీలో కూసోని, టిఫిను డబ్బాలో పెరుగన్నం తింటా కనపడింది శాంతి మేడం. గడియారం సూస్తే రెండూ నలబై.

నమస్కారం కూడా పెట్టలే నేను. "మేడం, ముక్కలు కడిగేసినా. మేం దొంగతనం చెయ్యలే. మాయమ్మకి ఏమీ తెలీదు" అని ఒక్క ఊపులో అనేసి, ముక్కు చీదుకుంటా నిలబడినా.

"అయ్యో, ఎవరు ఏమన్నారమ్మా? కూర్చో ముందు. నీళ్లు తాగు." చెయ్యి కడుక్కొచ్చి మూట ఇప్పింది. ముక్క ముక్కు దగ్గర పెట్టుకోని నవ్వింది. "పసుపు కూడానా? బాగానే ఉంది, తాలింపు ఒకటే తక్కువ."

"పనికొస్తాయా మేడం?"

"వస్తాయి. నేను చూసేది పైన కాదు, కండ లోపల."

అప్పుడు చెప్పింది. నాకు అర్థమైనంత మీకు చెప్తా. మనిషికైనా సొరకైనా ఒళ్లంతా కంటికి కనపడనంత గదులు ఉంటాయంట. ఒక్కో గదిలో, ఒంటికి సత్తువ తయారు చేసే పలుకులు వందలకొద్దీ ఉంటాయంట. మైటోకాండ్రియా అని పేరు, నా చేత రెండుసార్లు చెప్పించింది. ఆ పలుకుల్లో ఒక రాత ఉంటాది. అది నాయన నుంచి రాదు, అమ్మ నుంచే బిడ్డకి వొస్తాది. ఒక్కో గదిలో అన్ని నకళ్లు ఉంటాయి కాబట్టి ఉప్పేసినా, ఎండబెట్టినా, నా మాదిరి పసుపేసి తోమినా యాడో ఒకచోట మిగిలే ఉంటాది. తల, రెక్కలు కోసేసినాక సొరని సూసి ఏ జాతిదో ఎవురూ చెప్పలేరంట. ఆ రాత సదివితే చెప్పచ్చంట.

"మరి మాయమ్మ ముక్కలు?" అన్నా.

"ఐదింట్లో నాలుగు పాలసొరలు. ఒకటి కొమ్ముసొర, తల రెండు పక్కలా సాగి ఉంటుందే, అది. ప్రభుత్వం వద్దన్న జాబితాలో ఈ రెండూ లేవు. మీ అమ్మమీద ఏ కేసూ లేదు, ఉండదు. అసలు నేను అంగళ్ల మీద కేసులు పెట్టేదాన్ని కాదు. ఎక్కడెక్కడికి ఏ సొరలు చేరుతున్నాయో తెలిస్తేనే కదా, ఏవి తగ్గిపోతున్నాయో తెలిసేది."

నవ్వు వొచ్చింది, దాని ఎనకే ఏడుపు వొచ్చింది, మల్లా నవ్వు వొచ్చింది. నాలుగు నెల్లు! మునిరత్నప్ప దొరికితే ఆయప్ప చింతపండు ఆయప్ప నెత్తిన్నే పిసికుండును.

"అయితే జాబులో రాసిండచ్చు కదా మేడం? నేరుగా అంటే మాయమ్మ సగం చచ్చిపాయ."

మేడం నాలిక కరుచుకునింది. "తప్పు నాదేనమ్మా. ఇంకో మాట చెప్పాలి, అది కాగితంలో రాస్తే అర్థం కాదని అలా రాశాను." సీసాలు తీసి నా ముక్కలు ఒక్కోటి ఏసుకుంటా చెప్పింది. "సొరలు చాలా పాతవి. భూమ్మీద చెట్లు నిలబడక ముందే సముద్రంలో సొరలు ఉన్నాయి. వాటి అమ్మరాత మన రాత కంటే నిదానంగా మారుతుంది. రెండు సొరల రాతలో తేడాలు లెక్కపెడితే, ఏది దేనికి చుట్టమో, ఎప్పుడు వేరుపడ్డాయో ఒక అంచనా దొరుకుతుంది. ఇంకో వింత తెలిసింది. కొన్ని జాతుల్లో ఒక తీరంలో ఉండే సొరల అమ్మరాత వేరు, ఇంకో తీరంలో వేరు. మగవి ఎక్కడెక్కడో తిరుగుతాయి. ఆడవి మాత్రం పిల్లల్ని పెట్టడానికి తాము పుట్టిన నీళ్లకే తిరిగి వస్తాయి."

"కాన్పుకి పుట్టింటికి పోతాయా మేడం!"

మేడం పకపకా నవ్వి తొడ మీద చరుసుకునింది. "రెండు గంటలు పాఠం చెప్పాను కాలేజీలో. ఈ ఒక్క మాట నాకు తట్టలేదు చూడు!"

మల్లా నిదానమైంది. "ఒక తీరంలో ఆ పుట్టింటి నీళ్లు ఖాళీ చేసేస్తే, వేరే తీరం ఆడసొర వచ్చి అక్కడ పిల్లల్ని పెట్టదు. సొర ఏళ్లకేళ్లు పెరిగితే గానీ తల్లి కాదు. కనేదీ కొన్నే. మీ అమ్మ దగ్గర చేతి పొడుగు కూడా లేని చిన్న సొరల కట్ట ఒకటి ఉంది కదా? ఆ కొమ్ముసొర అందులోదే. అవి ఆ నీళ్లలో పట్టిన పిల్లలు."

రైలు వొచ్చేసింది. మేడం ఎక్కతా "మీ అమ్మని మానుకోమని చెప్పలేను. ఆమె బతుకు అది. చెప్పి చూడు, అంతే" అనింది. కిటికీలోంచి పది ఖాళీ సీసాలు నా చేతిలో పెట్టి, కొత్త కట్ట వొచ్చినప్పుడంతా ఒక ముక్క దాంట్లో ఏసి పంపమనింది. ఈసారి కడగొద్దంట.

స్టేషను బయట ఫోను బూతు నుంచి మా పక్కింటికి చేసినా. మాయమ్మని పిలిసినారు. ఉరుక్కుంటా వొచ్చినట్లుండాది, ఎగరొప్పు వినపడతాండాది.

"అమ్మా, ఏమీ లేదమ్మా. కేసు లేదు, జైలు లేదు. నీ సొరలు మంచియే."

ముందు ఆ ఎగరొప్పు తగ్గింది. తర్వాత "సంగటి తిన్నావామ్మే?" అనింది. నాలుగు నెల్ల తర్వాత ఆ గొంతు మామూలుగా వినపడింది. పొద్దన ఇడ్లీ తప్ప నేనేమీ తినలేదని కూడా అప్పుడే గుర్తొచ్చింది.

చిన్న కట్ట సంగతి చెప్పినా. పుట్టింటి సంగతీ చెప్పినా. మాయమ్మ ఊ కొడతా ఇనింది.

"అంటే మనం బాలెంతలకి పెడతాండేది ఇంకో తల్లి పసిబిడ్డల్నామ్మే?"

బూతాయన గడియారం ముల్లు సూపిస్తాండాడు.

"సరేలే" అనింది మాయమ్మే. "సరుకు తెచ్చే లారీ ఆయప్పకి చెప్తా. ఆ చిన్న కట్ట ఇంక నేను దించుకోను. తీసుకోకుంటే ఆయనే తేడు. నువ్వు బిన్నా రా, పొద్దు పోతాది."

స్టేషను పక్క హోటల్లో పొంగలి తిని, నాలుగ్గంటలకి బస్సెక్కినా. రామకుప్పం దగ్గర దోవ తెరిసినారు, ఆఫీసరు వొచ్చి రాసుకోని పోయినాడంట. ఆరుంబావుకి పలమనేరులో మదనపల్లె బస్సు నేరుగా దొరికింది. ఇది మంచి బస్సు, దిగి ఎక్కే పని లేదు.

నా పక్కన ఒక తల్లీ కూతురూ కూసున్నారు. కూతురికి నిండు నెలలు. పలమనేరులో అత్తగారింటి నుంచి కాన్పుకి వాల్మీకిపురం తీసకపోతాండారు. మాటల్లో మాట, పిల్ల పుట్టినాక ఏమేం పెట్టల్లో వాళ్లమ్మ ఏలు మడిసి చెప్తాండాది.

"సొరకరువాడే దొరకడం లేదు పాపా. మదనపల్లె సంతలో ఒకాయమ్మ అమ్మేది. పోలీసోళ్లు పట్టకపొయినారంట కదా!"

నేను కడుపుబ్బ నవ్వేసినా. కండక్టరు కూడా తిరిగి సూసినాడు.

"ఎవురూ పట్టకపోలేదమ్మా. ఆయమ్మ మాయమ్మే. వచ్చే సంతకి రాండి, చింతపండు అంగడి పక్కన్నే కూసోనుంటాది. పెద్ద ముక్కలు ఉంటాయి. చిన్న సొరలు మాత్రం ఇంక అమ్మదు."

"అదేంది? చిన్నదే కదా మెత్తగా ఉడికేది?"

అందుకు మొదలుపెట్టినా. అమ్మరాత, పాత సముద్రం, ఆడసొరలు పుట్టింటి నీళ్లకి రావడం, అన్నీ. పుంగనూరు వొచ్చేదాకా చెప్తానే ఉండా. మైటోకాండ్రియా దగ్గర రవంత తడబడినా గానీ వాళ్లేమీ కనుక్కోలే. నేను ఇంతవరకు సముద్రం సూడనే లేదు. పొద్దన్నే ఇదే దోవలో పొయ్యేటప్పుడు ఆ మూట ఒళ్లో రాయి మాదిరి ఉండింది. ఇప్పుడు ఒళ్లు దూదిలాగుండాది, ఎవరితోనన్నా మాట్లాడతానే ఉండల్లనిపిస్తాండాది.

కూతురు కడుపు మీద చెయ్యి పెట్టుకోని కిటికీలోంచి బయటికి సూస్తాండాది. వాళ్లమ్మ నా పక్క తిరిగింది.

"సరే, మీయమ్మకి చెప్పు. పెద్దదే ఒక కట్ట తీసిపెట్టమను. ముందురోజే నానబెట్టుకుంటాలే."